సమురాయ్ సినిమాలు చూడమని చెప్పబోయే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

జపాన్ యోధులైన సమురాయ్‌ల సినిమాల మీద, కొత్తవాళ్ల కోసం నువ్వు రాసిన వ్యాసం చదివాను. పాతిక సినిమాలు, పాతిక పేరాలు. కష్టపడి రాశావని తెలుస్తూనే ఉంది. ఒక్క మాట అడుగుతాను. ఇంతవరకూ ఒక్క జపాన్ సినిమా కూడా చూడనివాడు ఇది చదివి, ఈ రాత్రి ఏది పెట్టుకోవాలో తేల్చుకోగలడా? అన్నీ గొప్పవేనన్నావు, అన్నీ చూసి తీరాలన్నావు. వాడు "ఎప్పుడైనా చూద్దాంలే" అనుకుని ఫోన్ పక్కన పెట్టి పడుకుంటాడు. నాలుగు ఉంచి మిగతావి తీసెయ్.

మొదటి పేరా మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. "సెవెన్ సమురాయ్" ఆధారంగా హాలీవుడ్ వాళ్లు 1960లో "మాగ్నిఫిసెంట్ సెవెన్" తీశారనీ, "యొజింబో"ని ఇటలీ వాళ్లు కౌబాయ్ కథగా మార్చుకుంటే పేచీ అయిందనీ, "స్టార్ వార్స్"కి "హిడెన్ ఫోర్ట్రెస్" దారి చూపిందనీ రాశావు. అన్నీ నిజాలే. కానీ అవి సినిమా చూసేసినవాళ్లు టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు. కొత్తవాడికి వాటితో మొదలుపెడితే, ఆ కథ తనకు ముందే తెలుసునన్న భ్రమ కలుగుతుంది. అసలు దాని జోలికే పోడు.

మరి దేనితో మొదలుపెట్టాలి? అన్నంతో మొదలుపెట్టు.

సమురాయ్ అనగానే అందరికీ కత్తే గుర్తొస్తుంది. అందులోనూ విఠలాచార్య సినిమాల్లో కాంతారావు కత్తియుద్ధాలకు ఈలలు వేసిన ఇళ్లు మనవి. మెట్లెక్కుతూ, దిగుతూ, పది నిమిషాలు కత్తులు ఖణఖణమనాలి మనకు. ఆ లెక్కతో వచ్చినవాడికి ఇక్కడ నిరాశే. జపాన్ పాత సినిమాల్లో మంచివాటిని తీసుకో. కత్తి దూయడానికి గంట పడుతుంది, పని ఒక్క వేటుతో అయిపోతుంది. ఆ గంటసేపూ ఏం జరుగుతుందో నువ్వు ముందే చెప్పకపోతే వాడు కూర్చోడు. జరిగేదంతా బతుకుతెరువు గొడవే. జీతం, కూడు, అప్పు, కొలువు. 1615లో ఒసాకా కోట పడ్డాక, జపాన్‌ని ఏలిన టోకుగావా వంశపు షోగున్‌ల (సేనాధిపతి పాలకుల) ఏలుబడిలో పెద్ద యుద్ధాలు ఆగిపోయాయి. ప్రభువుల సంస్థానాలు కొన్ని రద్దయ్యాయి. వాటిని నమ్ముకున్న సమురాయ్‌లు వీధిన పడ్డారు. రోనిన్ అంటే ఏలిక లేని ఇలాంటి సమురాయే. నడుముకు రెండు కత్తులుంటాయి, ఇంట్లో గింజ ఉండదు. ఈ నాలుగు ముక్కలూ చెబితే చాలు, షోగున్‌ల వంశవృక్షం అక్కర్లేదు.

"సెవెన్ సమురాయ్" (1954) కథ అంతకు ముందుది, 1580ల నాటిది. కానీ అందులోనూ ఇదే గొడవ. బందిపోట్ల నుంచి ఊరిని కాపాడమని రైతులు సమురాయ్‌ల కోసం పట్నం వస్తారు. ఇవ్వగలిగిన కూలి తిండి ఒక్కటే. పెద్ద సమురాయ్ కాంబేయ్ కుదరదంటాడు. అప్పుడు వాళ్లతోపాటు అదే సత్రంలో పడుకునే ఒక కూలివాడు, అప్పటిదాకా రైతుల్ని ఎగతాళి చేస్తున్నవాడు, తెల్లటి వరి అన్నం గిన్నె ఎత్తి కాంబేయ్ ముందు పెడతాడు. ఇది మీకు పెడుతున్నారు, వీళ్లు తింటున్నది చిరుధాన్యం అని అరుస్తాడు. కాంబేయ్ గిన్నె చేతిలోకి తీసుకుంటాడు. ఈ అన్నాన్ని తేలిగ్గా తిననని ఒక్క మాట అంటాడు. బేరం కుదిరిపోయింది. కాంబేయ్‌గా వేసిన తకాషి షిమురా ముఖంలో పెద్దగా కదలికే ఉండదు అక్కడ. వరి పండించి, దాన్ని అమ్ముకుని, కొర్రలూ సామలూ తిన్న తాతముత్తాతలు మనలో ఎంతమందికి లేరు? మనవాళ్లకి ఈ సీను ఎవరూ వివరించక్కర్లేదు. నువ్వు మాత్రం నీ పేరాలో దీన్ని వదిలేసి "మానవ విలువలకు పట్టం కట్టిన దృశ్యకావ్యం" అన్నావు. ఆ మాట ఏ సినిమాకైనా అతుకుతుంది. గిన్నె గురించి రాయి.

కత్తి గురించీ రాయాలంటే అదే సినిమాలో క్యూజో ఉన్నాడు, సీజి మియాగుచి వేసిన పాత్ర. ఎముకల గూడులాంటి మనిషి. ఒకడితో ముందు ఉత్తి కర్రలతో తలపడతాడు. అయ్యాక అవతలివాడు సమానమంటాడు. కాదు, నిజం కత్తయితే నువ్వు చచ్చేవాడివని క్యూజో నెమ్మదిగా చెబుతాడు. వాడికి పౌరుషం వచ్చి నిజం కత్తి దూస్తాడు. క్యూజోకి ఇష్టం లేదు, వద్దంటాడు కూడా. మళ్లీ అదే నిలబడటం, అదే దూరం, ఒకే వేటు. ఇది చెబితే మనవాడికి కాంతారావు దారి వేరు, ఈ దారి వేరు అని తెలిసిపోతుంది. అక్కడ ఆపెయ్. ఏడుగురిలో ఎవరు మిగులుతారో, ఎవరు దేనివల్ల పోతారో చెప్పకు.

ఇంత మెచ్చుకున్నాను కదా అని దీన్ని మొదటి స్థానంలో పెట్టకు. నిడివి 207 నిమిషాలు. సెలవు రోజు చూడమను, లేదంటే రెండు రాత్రులు. సినిమాలోనే ఇంటర్వెల్ ఉంది, అక్కడ ఆపుకోవచ్చు.

మొదట "యొజింబో" (1961) పెట్టు. "సెవెన్ సమురాయ్" తీసిన దర్శకుడు కురొసావాదే ఇదీ, 110 నిమిషాలు. దారి తెలియని రోనిన్ కర్ర ముక్క పైకి ఎగరేసి, అది ఎటు పడితే అటు నడుస్తాడు. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఒక కుక్క మనిషి చెయ్యి నోట కరుచుకుని ఎదురొస్తుంది. ఆ ఊరి సంగతి వాడికీ మనకీ అక్కడే అర్థమైపోతుంది. ఊళ్లో రెండు ముఠాలుంటే రెండింటి దగ్గరా తన ధర పెంచుకుంటూ పోతాడు. ఆ రోనిన్‌గా వేసిన తొషిరో మిఫునే భుజాలు ఎగరేస్తూ, గడ్డం గోక్కుంటూ నడిచే తీరు చూస్తే ఆరేళ్ల పిల్లాడు కూడా అనుకరిస్తాడు. నవ్వించే సినిమా అని నువ్వు ఎక్కడా అనలేదేం? కొత్తవాళ్లకి పాత సినిమా అంటే ఉన్న భయం సగం ఆ ఒక్క మాటతో పోతుంది.

"హరాకిరి" (1962) దగ్గర నీమీద నిజంగానే కోపం వచ్చింది. కథంతా చెప్పేశావు! ఆ సినిమా నడిచేదే ఒక్కొక్క పొర విప్పడం మీద. ఏం చెప్పవచ్చో చెబుతాను. 1630. ఒక పేద రోనిన్ గొప్ప సంస్థానం వారి భవనం గుమ్మం దగ్గరికి వచ్చి, మీ ముంగిట్లో హరాకిరి (కడుపు కోసుకుని చావడం) చేసుకోనివ్వండని అడుగుతాడు. చిల్లర డబ్బుల కోసం ఇలా బెదిరించేవాళ్లు ఎక్కువయ్యారని ఆ ఇంటి పెద్ద ఉద్యోగికి అనుమానం. ఇంతకుముందు ఇలాగే వచ్చిన ఒక కుర్రాడికి ఏం పట్టిందో చెప్పి ఇతణ్ణి హెచ్చరిస్తాడు. అంతే, చాలు. ఆ తర్వాత ఒక్క ముక్క రాసినా పాఠకుడికి అన్యాయం చేసినట్టే. వెదురు గురించి అసలు ఎత్తకు. కానీ తొలి అరగంట దాటాక చూడలేని సీను ఒకటి ఉందని మాత్రం ముందే చెప్పు. సున్నితమైనవాళ్లు సిద్ధపడి కూర్చుంటారు.

దర్శకుడు మసాకి కొబయాషి గురించి ఒక్క వాక్యం రాయి. అవార్డుల గురించి కాదు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి బలవంతాన తీసుకుపోతే, పై హోదా ఇస్తామన్నా వద్దని మామూలు సిపాయిగానే ఉండిపోయిన మనిషి. వంశగౌరవం, నియమం, క్రమశిక్షణ అనే మాటల మీద ఆ సినిమాకి అంత మంట ఎక్కడిదో ఆ వాక్యంతో తెలిసిపోతుంది. ఆ పేద రోనిన్‌గా వేసిన తత్సుయా నకదాయ్‌కి అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. మనవడున్న మనిషిగా వేశాడు, ఆ గొంతు విని నమ్మేస్తాం.

నాలుగోది "ట్వైలైట్ సమురాయ్". 2002లో వచ్చిన రంగుల సినిమాని క్లాసిక్‌ల జాబితాలో ఎలా పెడతారని పెద్దవాళ్లు నీతో గొడవ పడతారు. పడనీ. కథానాయకుడు చిన్న ఉద్యోగి అయిన సమురాయ్. భార్య పోయింది, ఇద్దరు ఆడపిల్లలు, మతిమరుపు ముదిరిన తల్లి. పగలంతా సరుకుల గిడ్డంగిలో గుమాస్తా పని. తోటివాళ్లు తాగడానికి పిలిస్తే రాడు, పొద్దుగూకేసరికి ఇంటికి పరుగు. వాళ్లు పెట్టిన వెటకారం పేరే సినిమా పేరు. కత్తియుద్ధం అంటే ముఖం తిప్పుకునే అమ్మకో, అక్కకో, ఇదే మొదటి సినిమా కావాలి. మా ఇంట్లో ఆ రకంగానే పనయింది.

మిగతావాటి సంగతి. "స్వోర్డ్ ఆఫ్ డూమ్" నాకు ప్రాణం, అయినా తీసెయ్. కథ తెగకుండా మధ్యలో ఆగిపోయి కొత్తవాణ్ణి అయోమయంలో పడేస్తుంది. షింతారో కత్సు వేసిన గుడ్డి జూదరి జాటోయిచి సినిమాలు 26 ఉన్నాయి. అవి సరదా, వాటికి వేరే వ్యాసం రాయి. "రాన్" బాగా పెద్ద తెర దొరికినప్పుడు చూడాల్సింది.

ప్రతి సినిమా పేరు పక్కన నిడివి తప్పకుండా వెయ్యి. ముఖ్యంగా "సెవెన్ సమురాయ్"కి. విదేశాల్లో దాన్ని కోసి పొట్టివి చేసి తిప్పారు. 207 లేకపోతే అది వద్దని రాయి. జపనీస్ మాటలతోనే, సబ్‌టైటిల్స్‌తో చూడమను. మిఫునే గొంతు డబ్బింగ్‌లో పోతే సగం మనిషి పోయినట్టే. పేర్లు గుర్తుండవని భయపడేవాళ్లకు జుట్టునీ నడకనీ బట్టి పోల్చుకోమని చెప్పు. ఏడుగురూ ఏడు రకాలుగా నడుస్తారు.

"సంజురో" (96 నిమిషాలు) సంగతి ఒక్క వాక్యంలో ముగించు. "యొజింబో" నచ్చినవాడు మర్నాడే దాన్ని వెతుక్కుంటాడు. అందులో ఆఖరి పోరు గురించి మాత్రం నోరు మెదపకు. వచ్చే ఆదివారం లోపు తిరగరాసి పంపు. శీర్షికలోంచి "తప్పక చూడాల్సిన" కొట్టేసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య