తేలినీలాపురం పక్షుల ఫోటోలన్నిట్లో ఒకేచోట మచ్చలు: సమాధానం

అది కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద పడ్డ దుమ్మండి. లెన్స్ మార్చినా 300 ఫోటోల్లో మచ్చ అక్కడే ఉందన్నారు కదా. ఎఫ్/16లో, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి తీయడంతో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో:

1. ఆకాశం ఎక్కువున్న ఫోటో తెరిచి, మచ్చల్ని స్పష్టంగా చూపించే విజువలైజ్ స్పాట్స్ పెట్టుకుని, మచ్చ మీద అతుకు వేసే హీల్‌తో వాటిని తీసేయండి.

2. చాలామంది పొరబడేది ఇక్కడే. అతుకు ఎక్కణ్ణుంచి తేవాలో సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోనివ్వండి. అతుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించే రెండో వలయాన్ని మీరు జరిపితే మిగతా ఫోటోల్లోనూ అక్కణ్ణుంచే తెస్తుంది. నాకలాగే ఆకాశంలో గూడబాతు ముక్కు మొలిచింది!

3. ఆ ఫోటోతో పాటు మిగతావీ సెలెక్ట్ చేసి, అదే దిద్దుబాటు అన్నిటికీ వెళ్లేలా సింక్ నొక్కండి. అన్ని టిక్కులూ తీసేసి హీలింగ్ ఒక్కటే ఉంచండి. లేదంటే ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) కూడా మారిపోతుంది.

మచ్చ పక్షి మీద పడ్డవాటిని విడిగా చూసుకోండి. సెన్సర్‌ని నోటితో మాత్రం ఊదకండి.