కరోనాలో పనులు పోయాయా, పనివాళ్లు పోయారా?

మహమ్మారి వస్తే పనులు తగ్గుతాయా, పనిచేసేవాళ్లు కరువవుతారా అని అడిగారు. మా భీమవరం వైపు 2020లో రెండూ ఒకేసారి జరిగాయండి.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది, ఏప్రిల్ నుంచి జీతం ఆగింది. ఫీజులు రాలేదు, మేమెక్కడి నుంచి తేవాలన్నారు. నోటిమాట ఉద్యోగం. కాగితం లేదు, పీఎఫ్ లేదు, ఇంక ఎవరిని అడుగుతాం?

అదే సమయంలో మా ఊళ్లో రొయ్యల రైతులు మనుషుల్లేక తల పట్టుకున్నారు. చెరువుల మీద ఉండే ఒడిశా కుర్రాళ్లు, వలస కూలీల కోసం శ్రామిక్ రైళ్లు వెయ్యగానే వెళ్లిపోయారు. ఊరినిండా ఖాళీగా ఉన్నవాళ్లే, కానీ ఆ పనికి అందరూ పనికిరారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే వెంటనే జనరేటర్ వెయ్యాలి, లేదంటే రొయ్యలు గట్టు వారకొచ్చి తేలిపోతాయి. ఒక్క కునుకుతో లక్షల పంట పోతుంది. కొత్తవాడికి చెరువు అప్పగించాలంటే ఎవరికైనా భయమే.

జూన్‌లో నేనే వెళ్లి అడిగాను. చెరువు మా స్టూడెంట్ వాళ్ల నాన్నగారిది. "మీరేంటి మాస్టారూ, ఇక్కడ!" అని ఆయనే ఇబ్బందిపడి కుర్చీ తెప్పించారు. మర్నాటి నుంచి కుర్చీ లేదు, నులకమంచమే. టార్చి పట్టుకుని నీళ్లలో దించి ఉంచే మేత పళ్లెం, అదే చెక్ ట్రే, పైకి లాగి మేత మిగిలిందా లేదా చూడటం నేర్చుకోవడానికి వారం పట్టింది. మా వీధిలో హైదరాబాద్ హోటల్లో పనిచేసి వచ్చిన అబ్బాయి ఉపాధి హామీకి వెళ్లాడు. ఆ ఏడాది మన రాష్ట్రంలో దాని కూలి రోజుకి 237 రూపాయలు.

కేంద్రం సర్వేలో, దేశంలో పనిచేసేవాళ్లందరిలో వ్యవసాయం, దాని అనుబంధ పనుల్లో ఉన్నవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం, 2020-21లో 46.5 శాతం. వ్యవసాయానికి మంచి రోజులొచ్చాయని కాదు, వేరే దారి లేక అందులోకి దిగినవాళ్లం. పైగా ఆ లెక్క ప్రకారం నేను నిరుద్యోగిని కూడా కాను! అందుకే ఉద్యోగాలు ఎన్ని పోయాయన్నదొక్కటే చూస్తే సగమే తెలుస్తుందంటాను.

తర్వాత కాలేజీ మళ్లీ పిలిచింది. లెక్కలకి ముగ్గురం ఉండేచోట ఇద్దరమే మిగిలాం. ఆన్‌లైన్‌లో ఒకరు చెబితే మూడు సెక్షన్లూ వింటాయని ఈలోగా కనిపెట్టేశారు మరి. ఆ మూడో ఆయన రొయ్యల మేత అమ్మే పనిలో చేరి నాకంటే బాగానే సంపాదిస్తున్నారు లెండి. ఆగిపోయిన జీతం గురించి మాత్రం ఇప్పటిదాకా కాలేజీలో ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.