కరోనా రోజుల్లో జనం టెన్షన్ నిజమేనా? మందుల షాపు కౌంటర్ వెనక నుంచి చూసింది

"కరోనా అప్పుడు జనం నిజంగానే అంత టెన్షన్ పడ్డారా, టీవీ వాళ్ళు పెంచి చూపించారా?" అని అడిగారు. ఏదైనా కొత్త జబ్బు వార్త వస్తే చాలు, మీ అమ్మగారికి ఇప్పటికీ నిద్ర పట్టడం లేదని కూడా రాశారు. నాది నెల్లూరులో చిన్న మందుల షాపు. డాక్టర్ని కాదు, కానీ ఆ రెండేళ్ళూ షాపు మూయకుండా కౌంటర్ వెనకే నిలబడ్డాను కాబట్టి చూసింది చెబుతాను.

పడ్డారు. కాకపోతే ఆ భయానికీ కేసుల లెక్కకూ పొంతన లేదు.

రాష్ట్రంలో మొదటి కేసు మా ఊళ్ళోనే తేలింది, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. ఒక్కటంటే ఒక్క కేసు. ఆ రాత్రికి నా షాపులో మాస్కులు, శానిటైజర్ ఖాళీ. ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినపడేది, గుర్తుందా? జాగ్రత్త చెప్పడానికే పెట్టారు గానీ, మా అమ్మ మాత్రం ఆ దగ్గు వినలేక ఫోన్ చేయడమే మానేసింది. ఆ కుర్రాడు ఆ నెలలోనే కోలుకుని ఇంటికెళ్ళాడు. ఆ సంగతి మాత్రం కౌంటర్ దగ్గర ఒక్కరూ ఎత్తలేదు.

తర్వాత భయం రూపు మారింది. జ్వరం, దగ్గు మందులు కొన్నవాళ్ళ వివరాలు రాసుకోమని ప్రభుత్వం షాపులకు చెప్పింది. ఉద్దేశం మంచిదే, కానీ నేను పుస్తకం తియ్యగానే మనిషి ముఖం మారిపోయేది. "నాకు కాదన్నా, మా బామ్మర్దికి" అనేవాళ్ళు. ఆ బామ్మర్ది పేరడిగితే డోలో జ్వరం మాత్రలు కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళినవాళ్ళున్నారు. ఎందుకంటే కేసు తేలితే వీధికి అడ్డంగా సరుగుడు కర్రలు కట్టేవాళ్ళు, బ్లీచింగ్ చల్లేవాళ్ళు, నిన్నటిదాకా పాలు పోసినామె ఆ గుమ్మం వైపు చూసేది కాదు. జబ్బుతో చస్తామన్న భయం కంటే నలుగురిలో వేలెత్తి చూపిస్తారన్న భయమే ఎక్కువ, ఇది మాత్రం నేను గట్టిగా చెప్పగలను. జ్వరం దాచుకుని నాలుగు రోజులు ఆలస్యం చేసి, ఆయాసం వచ్చాక బయటపడినవాళ్ళను చూశాను. ఒకాయన నాకు రోజూ టీ పంపించే మనిషి. ఆయన గురించి ఇక్కడ రాయలేను.

2021 ఏప్రిల్, మే వచ్చేసరికి అసలు భయం వచ్చింది, దానికి అరుపులు లేవు. జనం మాట్లాడకుండా చీటీ చాపేవాళ్ళు. ఆక్సీమీటర్లు, అంటే వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే చిన్న మిషన్లు, వచ్చినవి వచ్చినట్టే అమ్ముడుపోయేవి, అమ్మింది నేనే కాబట్టి నాకూ ఇందులో వాటా ఉంది. ఒక పెద్దాయన పగలంతా గంటగంటకీ వేలు పెట్టి చూసుకుని, 91 వచ్చిందని వణుకుతూ షాపుకొచ్చాడు. వేళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి. కూర్చోబెట్టి, అరచేతులు రుద్దుకోమని, అయిదు నిమిషాలాగి చూస్తే 97. చేయి చల్లగా ఉన్నా, గోళ్ళరంగు ఉన్నా ఆ మిషన్ తప్పు చూపిస్తుంది. ఇంకోటి, భయంతో గబగబా ఊపిరి తీస్తే గుండె పట్టేసినట్టుంటుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. దాన్ని కరోనా అనుకుని ఇంకా భయపడతారు, ఊపిరి ఇంకా వేగమవుతుంది. అలాగని ప్రతిదీ భయమే అని కొట్టిపారేయకూడదు. ఆయాసం లేకుండానే ఆక్సిజన్ పడిపోయినవాళ్ళూ ఉన్నారు. చేయి వెచ్చబడ్డాక కూడా 94 కంటే తక్కువ వస్తుంటే ఆసుపత్రికి వెళ్ళమనే చెప్పేవాణ్ణి.

కృష్ణపట్నం సంగతి మీరు వినే ఉంటారు, మా జిల్లాలోనే ముత్తుకూరు మండలం, నాటు వైద్యుడు ఆనందయ్య కరోనాకని ఇచ్చిన మందు. 2021 మే 21న అక్కడికి వేల మంది వచ్చారు, తోపులాట, పంపిణీ ఆపేశారు. నెలాఖరుకి కంట్లో చుక్కలు తప్ప మిగతావి ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. కరోనా తగ్గిస్తుందని పరీక్షల్లో నిరూపణ కాలేదు, నేనూ ఎవరికీ పొమ్మని చెప్పలేదు. కానీ మా బాబాయి వెళ్ళాడు. ఏడాదిపాటు పాలప్యాకెట్ కూడా సబ్బుతో కడిగిన మనిషి, అక్కడ ఒకరి వీపుకొకరు ఆనుకుని అయిదు గంటలు నిలబడ్డాడు! తిట్టాను. "ఇంట్లో కూసుంటే గుండె ఆగేటట్టుండాది అబ్బయ్యా, ఈడైతే ఏదో ఒకటి చేస్తుండామని ఉండాది" అన్నాడు. అప్పుడర్థమైంది నాకు, జనాన్ని తినేసింది జబ్బొక్కటే కాదు, చేతిలో చేయడానికి పనేమీ లేకపోవడం కూడా. 'ఈ మాత్ర పొద్దున, ఇది రాత్రి, మూడో రోజు నాకు ఫోన్ చేయి' అని ఒక్క మనిషి గట్టిగా చెబితే సగం మంది నా ముందే కుదుటపడేవాళ్ళు. మాత్ర అదే డోలో.

టీవీల సంగతంటారా, పెంచాయి, కానీ లేనిది పుట్టించలేదు. కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచమంతా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నా లెక్క చిన్నది: నిద్రమాత్రలకు చీటీ లేకుండా వచ్చి బతిమాలినవాళ్ళు ఆ రెండేళ్ళలో వచ్చినంతగా ముందెన్నడూ రాలేదు. ఇవ్వలేదు, మాటలు కూడా పడ్డాను.

మీ అమ్మగారి విషయం. ఫోన్ లాక్కోవద్దు, "ఏం కాదులేమ్మా" అని కూడా అనొద్దు, ఆ మాట వింటే వాళ్ళకు ఒంటరైపోయినట్టుంటుంది. వార్తలు పొద్దున ఒకసారి మీరే పక్కన కూర్చుని చూడండి, తర్వాత ఆమెకు ఏదో ఒక పని అప్పజెప్పండి, మందుల పెట్టె సర్దడమో, ఊళ్ళో చుట్టాలకు ఫోన్ చేసి బాగోగులు కనుక్కోవడమో. రెండు వారాలైనా నిద్ర లేకపోతే 14416కి చేయండి, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ లైను, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటిసారి మీరే కలిపి ఫోన్ ఆమెకివ్వండి, నంబర్ రాసిచ్చి వదిలేస్తే ఆమె చేయరు, మా అమ్మ చేయలేదు.