నాన్న చెప్పే మిల్లు వేరు, అమ్మ చూసిన మిల్లు వేరు

"మా నాన్నకు 72 ఏళ్లు. మా ఊరి బట్టల మిల్లులో పాతికేళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడిపాడు. 2001లో మిల్లు మూతపడింది. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అదే ముచ్చట. సైరన్ కూస్తే ఊరంతా లేచేదని, బోనస్ ఇచ్చిన రోజు గేటు ముందు జాతరలా ఉండేదని. పిల్లలకు చెప్పేటప్పుడు కూడా అరిచినట్టే చెప్తాడు, వాళ్లు జడుసుకుంటారు. కాస్తో కూస్తో తమ్ముడి మాటే వింటాడు. అమ్మకు మిల్లు పేరెత్తితేనే మంట. మూసేశాక కూడా రెండేళ్లు నాన్న పొద్దున్నే వెళ్లి గేటు ముందు టెంటు కింద కూర్చునేవాడు. ఇల్లు అమ్మ బీడీలు చుట్టి నడిపింది. ఇంటర్ అయ్యాక నేనూ చాట పట్టుకున్నాను. వీఆర్‌ఎస్ డబ్బుల్లో కొంత నాన్న తోటి కార్మికులకు చేబదులిస్తే తిరిగి రాలేదు. ఈ మధ్య తమ్ముడు నాన్న మాటలు ఫోన్‌లో వీడియో తీస్తుంటే అమ్మ, 'ఆ మిల్లు నా పుస్తెలతాడు మింగింది, అది గూడ చెప్పు' అని లేచి పోయింది. అప్పట్నుంచి అమ్మానాన్నలకు మాటల్లేవు. నాన్నకు మిగిలింది ఆ జ్ఞాపకాలే కదా. అమ్మకు ఎలా నచ్చజెప్పాలి?"
– ఒక సోదరి, ఉత్తర తెలంగాణ

అమ్మా, అమ్మకు నచ్చజెప్పే ఉపాయం మాత్రం నేను చెప్పను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. 'అది గూడ చెప్పు' అంది గానీ 'చెప్పకు' అనలేదు. ఈ తేడా మీ ఇంట్లో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

మీ ఉత్తరాన్నే సంవత్సరాల లెక్కన మళ్లీ చదవండి. నాన్న ముచ్చట్లన్నీ 2001కి ముందువి. అమ్మ మాటలన్నీ ఆ తర్వాతివి. గేటుకు తాళం పడిన రోజున ఆయన కథ ఆగిపోతుంది, ఆవిడ కథ మొదలవుతుంది. ఒకే మిల్లు గురించి కొట్లాడుకుంటున్నట్టు కనిపిస్తున్నారు గానీ, ఇద్దరూ చెప్పేవి వేర్వేరు కాలాల సంగతులు. అందుకే ఎవరు నిజం అన్న పంచాయితీకి అర్థం లేదు.

ఈ తేడా మీ ఇంటి ఒక్కదానిదే కాదు. ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊరు మొత్తం ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో అది మూతపడింది. ఆ తర్వాత మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊళ్లో ఇంటింటి సంగతీ రాసుకున్నారు. చివరికి వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో కూడా గడియారం పెట్టి చూశారు. మగవాళ్లు మెల్లగా, ఆగి ఆగి నడిచేవాళ్లట. పొద్దంతా ఏం చేశారంటే చెప్పలేకపోయేవాళ్లట. ఆడవాళ్లకు ఆ తీరిక లేదు. వంట, పిల్లలు, చిరుగుల కుట్లు ఏవీ ఆగలేదు, పైగా అదంతా మునుపటికంటే తక్కువ డబ్బుతో నెట్టుకురావాలి. మీ నాన్నగారు టెంటు కింద, మీ అమ్మగారు చాట ముందు కూర్చున్న ఆ రెండేళ్లు సరిగ్గా ఇవే.

ఆ టెంటు సంగతి కూడా ఒక మాట. దాన్ని పనిలేనితనం అనుకోకండి. మూసిన ఫ్యాక్టరీలు తెరుచుకోవా అంటే, తెరుచుకున్నవీ ఉన్నాయి. సిర్పూర్ కాగజ్‌నగర్ పేపరు మిల్లు 2014లో ఆగి 2018లో మళ్లీ నడిచింది. రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్తది కట్టి, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టారు. వరంగల్ ఆజంజాహి మిల్లుకు ఆ అదృష్టం పట్టలేదు. 1934లో పెట్టిన మిల్లు, ఇప్పుడు సైరనూ లేదు, సాంచాలూ లేవు. ఏది తెరుచుకుంటుందో ఏది కూలిపోతుందో గేటు ముందు కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? మనిషి పోతే కర్మకాండ చేసి ఏడుస్తాం. 'వచ్చే నెల తెరుస్తారట' అని నెలనెలా వినిపించే చోట ఏడవడానికి ఒక రోజంటూ ఉండదు. కానీ ఆ ఆశకయిన ఖర్చు పెట్టుకున్నది అమ్మగారు. ఆవిడ కోపం ఆ ఆశ మీద కాదని నా అంచనా. ఆ ఖర్చు ఎవరి లెక్కలోకీ రాకపోవడం మీద.

ఇప్పుడు మీరు ఊరికే రెండు ముక్కల్లో రాసేసిన సంగతికి వస్తాను. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అదే. నాన్న అరిచినట్టు మాట్లాడతాడన్నారు, తమ్ముడి మాటే వింటాడన్నారు. ముందు ఆయన్ను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సాంచాలు నడిచే షెడ్డులో మోత మామూలుగానే 90 డెసిబెల్స్ దాటుతుంది. అందులో పాతికేళ్లు పనిచేసిన చెవి దెబ్బతినడం వింత కాదు. ఇలాంటి వినికిడి లోపంలో ముందు పోయేది సన్నటి స్వరాలు. చప్పుడు వినిపిస్తుంది, మాట తెలియదు. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు సన్నగా ఉంటాయి కాబట్టి అవే ఎక్కువ జారిపోతాయి. కొడుకుది బొంగురు గొంతయితే కాస్త నయంగా అందుతుంది. 'ఈయన కొడుకు మాటే వింటాడు, నేను చెప్పేది చెవిన పెట్టడు' అని అమ్మగారు ఎన్నేళ్లుగా అనుకుంటున్నారో! అందులో ఎంత స్వభావమో, ఎంత చెవో పరీక్ష చేస్తే తేలుతుంది. యంత్రం పెట్టుకోవాల్సి వస్తే ఆయన ఒప్పుకోకపోవచ్చు, ఆ తరం వాళ్లకు అది నామోషీ. మనవల ముచ్చట్లు వినడానికని చెప్పి చూడండి. కాటన్ దుమ్ములో పనిచేసిన మనిషి కాబట్టి పనిలో పనిగా ఊపిరితిత్తులు కూడా చూపించండి.

ఇక వీడియో. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మాత్రం తీయకండి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు సరిదిద్దుతారు, మళ్లీ మొదటికే వస్తుంది. వేర్వేరుగా తీయండి. ముందు అమ్మగారిది. 'ఎంత కష్టపడ్డావమ్మా' అని మొదలుపెట్టారంటే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసి లేచిపోతారు. పని గురించి అడగండి. నాన్నకు నైట్ షిఫ్టున్న వారం, ఆయన పగలు పడుకుంటే మిమ్మల్నిద్దర్నీ చప్పుడు చేయకుండా ఎక్కడ ఆడించేది? ఫస్ట్ షిఫ్టుకు క్యారియర్ కట్టాలంటే ఎన్నింటికి లేచేది? మిల్లు ఆమెను కూడా షిఫ్టుల్లో నడిపింది, జీతం మాత్రం ఇవ్వలేదు. తర్వాత చాట సంగతి. బీడీ చుట్టడం ఎవరు నేర్పారు, తొలి రోజు ఎన్ని చుట్టారు, కమీషన్‌దారు ఎన్ని బాగాలేవని పక్కన పడేసేవాడు, పుస్తెలతాడు ఏ పనికి తాకట్టు పోయింది. కెమెరా ముందు వద్దంటే ఆవిడ మాటలు కాగితం మీద రాసుకోండి. అసలే వద్దంటే వదిలేయండి. అడిగారన్నదయినా ఆవిడకు తెలుస్తుంది.

నాన్నగారిని సాంచాల గురించి ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు, మూసిన మర్నాడు ఏం చేశావని ఒక్క ప్రశ్న వేయండి. ఆ ప్రశ్న ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. నిలదీసినట్టు అడగొద్దు, మనవల ముందు అసలే వద్దు. క్షమాపణ వస్తుందని ఎదురుచూడకండి. వస్తే అది ఆయనే వెళ్లి ఆవిడకు చెప్పుకోవాలి, మీరు మోసుకుపోకూడదు.

చేబదులు డబ్బు ఇక మర్చిపోండి. అలాంటి అప్పుకు కోర్టుకెళ్లే గడువు మామూలుగా మూడేళ్లే, అది ఎప్పుడో దాటింది. తమ్ముడు ఎవరింటికైనా వసూలుకు బయల్దేరతానంటే ఆపండి. దానికంటే పనికొచ్చేవి ఇంట్లో ఉన్న కాగితాలు. నాన్నగారికి పీఎఫ్ పెన్షన్ వస్తుంటే, ఆ రికార్డులో అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయా చూడండి. రేపు ఆ పెన్షన్‌లో సగం భార్యకు రావాల్సింది. అక్షరం తేడా ఉంటే ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఐదేళ్లకు తక్కువ కాకుండా ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా)లో ఉండి వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లకు, ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం దొరికే వీలుంది. మిల్లు సర్వీసు పత్రం పట్టుకెళ్లి బ్రాంచి ఆఫీసులో అడగండి. అమ్మగారి పేర బీడీ కంపెనీలో పీఎఫ్ కట్టారేమో అది కూడా వెతకండి. ఆ కార్డు దొరికితే నాన్నగారి మిల్లు గుర్తింపు కార్డు పక్కనే దాచిపెట్టండి. ఇంట్లో కార్మికులు ఇద్దరున్నారు.

ఇద్దరేనా? 'ఇంటర్ అయ్యాక నేనూ చాట పట్టుకున్నాను' అని రాసి, మళ్లీ ఆ ఊసెత్తకుండా నాన్న దగ్గరికి వెళ్లిపోయారు. డిగ్రీ చదవాలనుకున్నారా? ఎవరైనా మిమ్మల్ని అడిగారా, లేక మీరే మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారా? నాన్నను వెనకేసుకొచ్చి, అమ్మను ఊరుకోబెట్టి ఇంట్లో గొడవ లేకుండా చూడటం ఆ వయసు నుంచే మీ నెత్తిన పడిందనిపిస్తోంది. ఈ ఉత్తరం కూడా అదే పని మీద రాశారు. మీ తమ్ముడు అప్పటికి చిన్నవాడై ఉంటాడు, మీ చదువు ఎందుకు ఆగిందో అతనికి తెలియకపోవచ్చు. అమ్మానాన్నల వీడియోలు అయ్యాక ఫోన్ అతని చేతికే ఇచ్చి, ఈసారి ఎదురుగా మీరు కూర్చోండి.