కంపెనీ మునిగితే మా సైన్యం ఏమవుతుంది?

ప్రశ్న: అక్కా, మేం నలుగురు స్నేహితులం ఆదివారాల్లో మేడమీద బొమ్మ సైనికుల యుద్ధం ఆడతాం. ఆ బొమ్మలు చేసే విదేశీ కంపెనీ నష్టాల్లో ఉందట. ఒకటే టెన్షన్. ఉన్నవన్నీ అమ్మేయమంటారా?
– ఓ పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మొద్దు తమ్ముడూ. కంపెనీ మూతపడినా నీ డబ్బాలోని సైన్యాన్ని, రూల్స్ పుస్తకాన్ని ఎవరూ లాక్కోరు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఇలాంటి బొమ్మ సైనికుల్నే చేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ సంగతే చూడు. సినిమా బొమ్మల మోజు తగ్గాక 2007లో నష్టాలు చూసింది. అదే కంపెనీ 2024 డిసెంబరులో లండన్ షేర్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల జాబితా ఎఫ్‌టీఎస్‌ఈ 100లో చేరింది. అన్ని కంపెనీలూ అలా లేస్తాయని కాదు. కొత్తవాటికి ముందస్తు డబ్బు మాత్రం కట్టొద్దు. దివాలా తీస్తే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు అప్పులవాళ్ల వరుసలో చివరన నిలబడాలి. దుకాణంలో ఉన్నవే కొనుక్కో.

నువ్వు పంపిన ఫొటో చూశాను. గోరంత డాలు మీద గరుడపక్షి, రెక్కల్లో ఈకలు కూడా విడివిడిగా! అంత ఓపికగా వేసిన రంగును అయినకాడికి అమ్ముకుంటావా?