నాపా, సోనోమాలో ఇల్లు: లోన్ కంటే ముందు చూడాల్సింది

కాలిఫోర్నియాలోని నాపా, సోనోమా ప్రాంతాల్లో ద్రాక్షతోటల మధ్య ఇల్లు కొనేటప్పుడు లోన్ విషయంలో ఏం చూసుకోవాలని అడిగారు. అందరూ వడ్డీ రేటు దగ్గర మొదలెడతారు. నేనైతే ముందు ఇన్సూరెన్స్ కోట్ (ప్రీమియం ఎంతవుతుందో చెప్పే అంచనా) తెప్పించుకోమంటాను.

2017లో టబ్స్ కార్చిచ్చు సోనోమాలోని శాంటా రోసాలో వేల ఇళ్లను బూడిద చేసింది. 2020లో గ్లాస్ ఫైర్ అనే మరో కార్చిచ్చు నాపాలోని కాలిస్టోగా, సెయింట్ హెలీనా వైపు చెలరేగింది. కొండవాలు ఇళ్లకు పాలసీ ఇవ్వడానికి ఇప్పుడు చాలా కంపెనీలు వెనకాడుతున్నాయి. పాలసీ లేకుండా బ్యాంకు లోన్ ఇవ్వదు. చివరి దిక్కు, మామూలు పాలసీ దొరకనివాళ్ల కోసం ఉన్న కాలిఫోర్నియా ఫెయిర్ ప్లాన్ అనే బీమా. కానీ అది ప్రధానంగా అగ్నిప్రమాదానికే. దొంగతనానికి, పైపు పగిలి జరిగే నష్టానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఈ రెండు ప్రీమియంలూ కలిపితే నెల ఖర్చు లెక్కే మారిపోతుంది. ఇల్లు కొంటామని ఆఫర్ పెట్టాక చూద్దాంలే అనుకుంటే టెన్షన్ మీదే.

ఊరికి దూరంగా ఉంటే బోరు నీళ్లు ఎంత వస్తున్నాయో, సెప్టిక్ ట్యాంక్ ఎలా ఉందో పరీక్ష చేయించండి. ఆస్తిపన్ను కొన్న ధరలో ఏటా ఒక శాతం పైచిలుకు.

స్థలం పెద్దదే కదా, తర్వాత ముక్కలు చేసి అమ్ముదాం (మనవాళ్లకు వెంటనే వచ్చే ఆలోచన!) అనుకోకండి. నాపా లోయలో చదును నేల చాలావరకు 1968 నుంచి వ్యవసాయ సంరక్షణలో, అంటే సాగుకే కేటాయించి, ఉంది. అక్కడ కొత్త ప్లాటుకు కనీసం 40 ఎకరాలుండాలి.