ఊరి పేరు ఒక్కటే తెలిస్తే పాత మ్యాపుల్లో ఆ ఊరిని ఎట్లా పట్టుకోవాలి?

మీ ప్రశ్న ఇది: మీ ముత్తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి సోలాపూర్ వలస వెళ్లారు. మీరు పద్మశాలీలు. ఊరి పేరు కొత్తపల్లి అని తప్ప ఇంట్లో ఇంకేమీ తెలియదు. నిజాం కాలం మ్యాపులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయా, వాటిలో ఊరిని ఎట్లా గుర్తుపట్టాలి?

మ్యాపులు దొరుకుతాయి, చాలావరకు ఉచితంగానే. కానీ కొత్తపల్లి అన్న ఒక్క పేరు పట్టుకుని మ్యాపు తెరిస్తే ఏమీ తేలదు. కరీంనగర్‌ను ఆనుకునే ఒక కొత్తపల్లి ఉంది. పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో అదే పేరుతో ఇంకా చాలా ఊళ్లున్నాయి. అందుకే ముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. "మన ఊరేది?" అని అడిగితే మళ్లీ అదే పేరు చెప్తారు. ముత్తవ్వ పుట్టినిల్లు ఏ ఊరు, అంగడికి ఎటు పోయేవాళ్లు, జాతర ఎక్కడ చేసేవాళ్లు, ఊరి పక్కన వాగుందా ఒర్రె (చిన్న వాగు) ఉందా, సోలాపూర్ వచ్చేటప్పుడు రైలు ఎక్కడ ఎక్కారు, ఇవి అడగండి. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు రెండు మూడు తెలిస్తే చాలు, అసలు ఊరు దానంతట అదే బయటపడుతుంది.

ఇది నా అనుభవంతో చెప్తున్న మాట. నేను హనుమకొండలో ఉంటాను. మా తాతగారి ఊరు ఇప్పుడు దిగువ మానేరు డ్యాం నీళ్ల కింద ఉంది. డ్యాం పని 1974లో మొదలై 1985 నాటికి పూర్తయింది. ఊరు ఖాళీ చేసినప్పుడు మా బాపు వాళ్లు తలో దిక్కు పోయారు. ఇప్పటి మ్యాపులో చూస్తే అక్కడ నీలం రంగు తప్ప ఏమీ కనిపించదు. మా పెద్దమేనత్తను అడిగితే ఆమె ఊరి హద్దులేమీ చెప్పలేదు. "మన చెరువు మత్తడి దుంకితే నీళ్లు ఒర్రెల వడి మానేరుకు పోయేటియి. కట్ట మీద నిలవడితె పొద్దూకే దిక్కు ఎల్గందుల ఖిల్లా కనవడేది" అన్నది. మత్తడి అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. నాకు ఆ రెండు మాటలే ఆధారమయ్యాయి. మానేరులో కలిసే ఒర్రె, దాని మీద చెరువు, పడమర ఖిల్లా గుట్ట. పాత మ్యాపు మీద ఈ మూడూ కలిసే చోటు ఒక్కటే ఉంటుంది.

మ్యాపుల దాకా పోయే ముందు జిల్లాల సంగతి తేల్చుకోవాలి. ఎక్కువమంది ఇక్కడే తికమక పడతారు. ఇప్పటి కరీంనగర్ జిల్లాకు 1905 దాకా ఎల్గందుల అని పేరు. నిజామాబాద్ అప్పట్లో ఇందూరు. జనగామ తాలూకా నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలో ఉండేది. ఖమ్మం 1953 దాకా వరంగల్‌లో భాగం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో పాత జిల్లాలు ముక్కలయ్యాయి. వరంగల్ అర్బన్, రూరల్ అన్న పేర్లు కూడా 2021లో మారి ఒకటి హనుమకొండ, ఇంకొకటి వరంగల్ అయ్యాయి. కాబట్టి 1900 నాటి కాగితంలో కరీంనగర్ జిల్లా కోసం వెతకొద్దు, ఎల్గందుల కోసం వెతకండి. మీ ఇంట్లో చెప్పే కరీంనగర్ అంటే సిరిసిల్ల కావచ్చు, జగిత్యాల కావచ్చు, మంథని కావచ్చు.

నా లెక్కలో అన్నిటికంటే ముందు తెరవాల్సింది సెన్సస్ వాళ్ల జిల్లా హ్యాండ్‌బుక్. పేరు వినగానే మ్యాపుల పుస్తకం అనిపించదు కాబట్టి చాలామంది దాన్ని దాటేసి పోతారు. సెన్సస్ వెబ్‌సైటులోని డిజిటల్ లైబ్రరీలో పాత హ్యాండ్‌బుక్కుల స్కాన్లు ఉన్నాయి. 1981ది తీసుకోండి. మండలాలు రాకముందు తాలూకాల వారీగా వచ్చిన ఆఖరి లెక్క అదే. తాలూకాలో ఉన్న ప్రతి రెవెన్యూ గ్రామం పట్టికలో ఉంటుంది, జనం లేని బేచిరాగ్ గ్రామాలతో సహా. తాలూకా మ్యాపులో ఊళ్ల హద్దులు గీసి నంబర్లు వేసి ఉంటాయి. కొత్తపల్లులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పేరు పక్కన బ్రాకెట్‌లో హవేలీ, ఖుర్ద్ (చిన్న), బుజుర్గ్ (పెద్ద) లాంటి మాట ఉంటే అది కూడా రాయండి, ఒకే పేరున్న ఊళ్లను విడదీసేది అదే. తర్వాత ఒక్కో కొత్తపల్లి చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు చదువుతూ పోండి. ముత్తవ్వ పుట్టినిల్లు, అంగడి ఊరు రెండూ దగ్గర్లో కనిపించిన కొత్తపల్లి మీది.

దీని తర్వాతే అసలు పాత మ్యాపులు. అమెరికాలో టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు పెర్రీ కాస్టనేడా అనే మ్యాపుల సేకరణను ఆన్‌లైన్‌లో పెట్టారు. అందులో అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ 1950లలో అచ్చువేసిన యూ502 సిరీస్ ఉంది, ఇండియా, పాకిస్తాన్ రెండూ అందులోనే. స్కేలు 1:2,50,000, అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరుకు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. మన ప్రాంతం ఎన్‌ఈ 44తో మొదలయ్యే షీట్లలో వస్తుంది. డ్యాములు రాకముందు నేల ఎట్లా ఉండేదో చూడాలంటే ఇది చాలా మంచి వనరు. డౌన్‌లోడ్‌కు పైసా అక్కర్లేదు, లాగిన్ కూడా అడగదు.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లకు, అంటే గుట్టలు, వాగులు, ఊళ్లు వివరంగా గీసిన మ్యాపులకు, వేరే నంబర్లుంటాయి. మనది 56. కరీంనగర్, ఎల్గందుల, జమ్మికుంట 56 ఎన్‌లో, సిరిసిల్ల 56 జెలో, వరంగల్ కోట 56 ఓలో వస్తాయి. పాత షీట్లు అంగుళానికి ఒక మైలు లెక్కన గీసినవి, తర్వాతవి 1:50,000. సర్వే ఆఫ్ ఇండియా సొంత పోర్టల్‌లో దొరికేవి కొత్త షీట్లు. వాటిలో కూడా చెరువులు, గుట్టలు, వాగుల పేర్లు బాగా ఉంటాయి కాబట్టి పాత షీటుతో పోల్చడానికి పనికొస్తాయి. ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్ అనే సైటు చాలా లైబ్రరీల మ్యాపులను ఒకేచోట వెతికి పెడుతుంది. ఇంపీరియల్ గెజెటీర్ అట్లాస్, డేవిడ్ రమ్సే సేకరణలో ఉన్న 19వ శతాబ్దపు మ్యాపులు చూడటానికి ఎంతో బాగుంటాయి గానీ ఊరు స్థాయికి దిగవు. జిల్లా సరిహద్దులు చూసుకోవడానికి వాడుకోండి.

షీటు తెరిచాక ఊళ్ల పేర్లను నమ్మకండి. సర్వే చేసినవాళ్లు చెవికి వినిపించింది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. పల్లి పుల్లీ అయింది, చివరి అక్షరాలు ఎగిరిపోయాయి. చెరువును నమ్మండి. మన దగ్గర చెరువు ఆకారం అంత తొందరగా మారదు. కట్ట ఎటు వంగింది, మత్తడి ఏ మూల ఉంది, కింద పొలం ఎటు పారుతుంది, ఇవి వందేళ్ల కింద ఎట్లా ఉన్నాయో చాలా చోట్ల ఇప్పటికీ అట్లాగే ఉంటాయి. టోపోషీటులో కట్ట గీత విడిగా కనిపిస్తుంది. బావులకు, గుడులకు, తాటి వనాలకు వేర్వేరు గుర్తులుంటాయి. గుట్ట మీద చిన్న త్రిభుజం, పక్కన ఎత్తు అంకె ఉంటే అది సర్వే రాయి ఉన్న చోటు. మార్జిన్‌లో ఉండే గుర్తుల పట్టికను ముందే ఓపికగా చదివితే తర్వాత పని సులువవుతుంది.

మ్యాపు ఏ కాలానిదో మార్జిన్‌లో రాసి ఉంటుంది. అచ్చువేసిన సంవత్సరాన్ని కాకుండా సర్వే చేసిన సంవత్సరాన్ని చూడాలి. మార్జిన్ చిరిగి ఉంటే రైలు పట్టాలు చూడండి. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైలు 1886లో వచ్చింది. కాజీపేట నుంచి జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా బల్లార్షా పోయే లైను 1920ల చివరికి గానీ పూర్తి కాలేదు. ఆ లైను లేని మ్యాపు అంతకుముందు సర్వే చేసినదే. మీ ఇంటి కథకు కూడా ఇది పనికొస్తుంది. ముత్తాత జమ్మికుంటలో రైలెక్కాడని ఎవరన్నా చెప్తే ఆ వలస ఆ లైను పడ్డ తర్వాతిదే. వరంగల్ దాకా ఎడ్లబండి మీద పోయి రైలెక్కామంటే ఇంకా ముందుది కావచ్చు.

ఊరు మునిగిపోయినవాళ్లకు ఇంకొక దారి ఉంది. మానేరు కావచ్చు, శ్రీరాంసాగర్ కావచ్చు, ఎల్లంపల్లి కావచ్చు. అమెరికా నిఘా ఉపగ్రహాలు కరోనా అనే కార్యక్రమం కింద 1960 నుంచి 1972 దాకా ఫిల్ము మీద ఫొటోలు తీశాయి. వాటిని 1995లో బహిరంగం చేశారు. అమెరికా ప్రభుత్వ భూసర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైటులో అకౌంటు చేసుకుని, మ్యాపు మీద మన ప్రాంతం గీసి, డీక్లాసిఫైడ్ విభాగం ఎంచుకుంటే జాబితా వస్తుంది. ఎవరో ఒకరు ఇదివరకే స్కాన్ చేయించినవి ఉచితం. చేయించనివాటికి 30 డాలర్లు కట్టాలి, ఆ తర్వాత అది అందరికీ ఉచితమవుతుంది. మబ్బులు లేని చలికాలం ఫొటో చూసుకోండి. మా తాతగారి ఊరిని నేను మొదటిసారి చూసింది అందులోనే. నలుపు తెలుపులో మానేరు ఇసుక తెల్లగా మెరుస్తోంది. దాని పక్కన కొడవలిలా వంగిన చెరువు కట్ట, కట్ట కింద చిన్న చిన్న పొలం మడులు, వాటికి ఎగువన గరుకుగా గుప్పెడంత ఇళ్ల గుంపు. మేనత్తకు ఫోన్‌లో పెద్దది చేసి చూపిస్తే కట్టను గుర్తుపట్టి, ఏ కొసన పోచమ్మ గుడి ఉండేదో వేలుపెట్టి చూపించింది.

పాత మ్యాపును ఇప్పటి నేల మీద పరచడానికి గూగుల్ ఎర్త్ ప్రో చాలు. కంప్యూటర్‌లో ఉచితం. ఇమేజ్ ఓవర్‌లే అనే చోట మ్యాపు ఫైలు ఇచ్చి, పారదర్శకత పెంచి, మారని గుర్తులు రెండు మూడు కలిసేదాకా జరపాలి. మా వైపు ఎల్గందుల ఖిల్లా గుట్ట, రైలు వంతెనలు బాగా పనికొచ్చాయి. రోడ్లతో కలపొద్దు, అవి మారతాయి. కరోనా ఫొటోలు అంచుల దగ్గర సాగినట్టుంటాయి కాబట్టి ఫొటో మొత్తం కాకుండా మీకు కావాల్సిన ముక్కను కత్తిరించుకుని పరచండి.

ఊరు దొరికాక మనిషి పేరు కావాలంటే గ్రామ నక్ష (పొలాల సర్వే నంబర్లు చూపే ఊరి మ్యాపు), పహాణీలకు (ఏ పొలం ఎవరిదో రాసే రికార్డు) పోవాలి. తెలంగాణలో ఎక్కువమంది ఆధారం చేసుకునేది 1954-55 ఖాస్రా పహాణీ. కాగితం మీద ఫస్లీ 1364 అని ఉంటుంది, ఫస్లీ అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అందులో సర్వే నంబరు, పట్టాదారు పేరు, తండ్రి పేరు ఉంటాయి. ఆ నంబరును గ్రామ నక్షలో చూసుకుంటే పొలం ఎక్కడుండేదో తెలుస్తుంది. అంతకంటే పాత భూమి రిజిస్టరు సేత్వార్ కావాలంటే రెవెన్యూ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి. ఇవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ అంకెలు పది నేర్చుకుంటే సగం పని మీరే చేసుకోవచ్చు, మిగతాది పాత దస్తావేజులు చదివే పెద్దమనిషితో చదివించుకోండి. నిజాం సర్కారు కాగితాల కోసం హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

అయితే మీ విషయంలో పహాణీ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మగ్గం మీద బతికిన చాలా కుటుంబాలకు పొలం లేదు. ఇల్లు గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్లకు వదిలిన స్థలం) ఉండేది, అక్కడ ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు కాబట్టి పేరు ఎక్కదు. కానీ పద్మశాలీలకు ఇంకో ఆధారం ఉంది. మార్కండేయ పురాణం పటం మీద చూపిస్తూ కథ చెప్పే కూనపులి వాళ్లు. ఏ ఊళ్లు ఎవరివో వాళ్లు వంతులు పంచుకుని తిరుగుతారు. వాళ్లకు ఇంటిపేర్లు, గోత్రాలు బాగా గుర్తుంటాయి. మీ ఇంటిపేరు వాళ్లు కొత్తపల్లుల్లో ఏ కొత్తపల్లిలో ఎక్కువో వాళ్లను అడగండి. సెన్సస్ పట్టిక చెప్పింది, వాళ్లు చెప్పింది ఒకటే అయితే ఇక సందేహం అక్కర్లేదు.

మీ నాయనమ్మ ఇంకా ఉన్నారని రాశారు కాబట్టి ఈ వారమే అడగండి, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఆమె చెప్పిన చుట్టాల ఊళ్లు, అంగడి ఊరు, రైలెక్కిన స్టేషన్ ఇక్కడే కింద రాయండి. కరీంనగర్, సిరిసిల్ల, హుజూరాబాద్ తాలూకాల 1981 పట్టికలు నా దగ్గర డౌన్‌లోడ్ చేసి ఉన్నాయి, నేను కూడా చూసి చెప్తాను.